అంకమ్మకి నష్టపోవడం చేతకాలేదు

మా ఆఫీసు గురించి ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడుకుంటారు. వాళ్ళలో ఒక్కరు కూడా లోపలికొచ్చి చూసినవాళ్ళు కారు కనుక ఆ మాటలు నేను పట్టించుకోను. స్వయం ఉపాధి ప్రోత్సాహక కేంద్రం అంటే చిన్న సంగతి కాదు. సొంతంగా ఏదైనా వ్యాపారం పెట్టుకుందామన్న ఆలోచన మనిషికి పుట్టిన దగ్గర్నుంచి, ఆ ఆలోచన పూర్తిగా విరమించుకునేదాకా అడుగడుగునా అతని పక్కనే నిలబడే సంస్థ మాది. అందులో నేను సూపరింటెండెంటుని.

మా డైరెక్టరు సర్వోత్తమరావుగారు మహా ఉత్సాహవంతులు. ఏడాదికోసారి హైదరాబాదులో జరిగే సదస్సుకి వెళ్ళొస్తారు. వెళ్ళేటప్పుడు ఒక మనిషి, తిరిగొచ్చేటప్పుడు మరో మనిషి. ఒక ఏడు వెళ్ళొచ్చి, నిలబడి పనిచేస్తే బుర్ర చురుగ్గా ఉంటుందని కుర్చీలన్నీ తీయించేశారు. ఆ ఏడంతా మేము కిటికీ గూళ్ళలో కూర్చుని పనిచేశాం. ఇంకో ఏడు వెళ్ళొచ్చి, పసుపు రంగు చూస్తే మనిషికి ధైర్యం వస్తుందని గోడలన్నిటికీ పసుపు కొట్టించారు. పెళ్ళివారి విడిదనుకుని ఒక కుటుంబం పెట్టెలు, పరుపులు, తాతగారితో సహా మా హాల్లో దిగిపోయింది. పాపం వాళ్ళని లేపి పంపేసరికి ముహూర్తం దాటిపోయింది.

కిందటేడు మాత్రం ఆయన సదస్సు నుంచి రైలు దిగి నేరుగా ఆఫీసుకొచ్చారు. స్నానం కూడా చెయ్యలేదు. అందరినీ హాల్లోకి పిలిపించి, బల్ల మీద చెయ్యి వేసి అన్నారు.

"మిత్రులారా, వేదికెక్కిన ప్రతి పారిశ్రామికవేత్తా ఒకటే మాట చెప్పాడు. ముందు ఫెయిలయ్యాను, తర్వాత పైకొచ్చాను అని. దీన్నిబట్టి ఏం తేలింది? విజయానికి ముడిసరుకు వైఫల్యం. మరి ఇన్నేళ్ళూ మనం చేసిందేమిటి? వైఫల్యం అనే పునాది లేని వ్యక్తులకి నేరుగా విజయం అందించే ప్రయత్నం చేశాం. అందుకే ఒక్కరికీ అందించలేకపోయాం."

ఒక్కరికీ అందించలేకపోయిన మాట నిజమే. కారణం ఇదని అప్పటిదాకా మాకు తట్టలేదు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను, ఎందుకంటే భోజనాలకి ఆలస్యమవుతోంది.

సాయంత్రానికల్లా సర్క్యులర్ తయారైంది. ఇకమీదట మా కేంద్రం నుంచి అప్పు కావాలన్నా, బండి కావాలన్నా, బస్టాండు సముదాయంలో గది కావాలన్నా, అభ్యర్థి అంతకుముందు ఒక్కసారైనా వ్యాపారంలో నష్టపోయి ఉండాలి. నష్టపోయినట్టు వైఫల్య ధ్రువపత్రం చూపించాలి. అది మేమే ఇస్తాం. అందులో మూడు శ్రేణులు పెట్టాం. పాక్షిక వైఫల్యం, సాధారణ వైఫల్యం, సమగ్ర వైఫల్యం. వైఫల్యానికి శ్రేణులు ఎందుకని మా టైపిస్టు అడిగితే, ప్రతిభకి గుర్తింపు ఉండొద్దా అన్నారు డైరెక్టరుగారు.

సమగ్ర శ్రేణి మొట్టమొదట దక్కింది గోవర్ధనం గారికి. మా ఊళ్ళో ఆయన ముంచని వ్యాపారం లేదు. కోళ్ళఫారం పెట్టారు, సోడా ఫ్యాక్టరీ పెట్టారు, వ్యక్తిత్వ వికాస కేంద్రం పెట్టారు. ఎండాకాలంలో కూల్‌డ్రింకుల షాపు పెట్టి నష్టపోయిన మనిషి ఈ జిల్లాలో ఆయనొక్కరే. ఆయన చెడ్డవాడు కాదు. ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, జేబునిండా విజిటింగ్ కార్డులు పెట్టుకుని, ఎవరు కనబడ్డా చిరునవ్వుతో నమస్కారం పెట్టే పెద్దమనిషి. మునిగిన డబ్బు మామగారిది కావడం వల్ల ఆ చిరునవ్వు ఎప్పుడూ చెరగలేదు. అంతకుముందు ఆయన మా ఆఫీసుకొస్తే అటెండరు కూడా లేచేవాడు కాదు. సర్క్యులర్ వచ్చాక డైరెక్టరుగారే ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు.

ఇలా మా సంస్కరణ చక్కగా సాగుతున్న రోజుల్లో అంకమ్మ వచ్చింది.

అంకమ్మ అంటే మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. బస్టాండు ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్లో పొయ్యి దగ్గర ఉండేది ఆమే. హోటలుకి పేరు ఓనరుది, రుచి అంకమ్మది. ఆ ఓనరు ఉన్నట్టుండి హోటలు ఎత్తేసి, గదిని సెల్‌ఫోన్ల వాళ్ళకి ఇచ్చేశాడు. మర్నాడు నలుగురు హోటలువాళ్ళు ఇంటికొచ్చి పిలిచినా ఆమె వెళ్ళలేదు. బస్టాండులో మెట్ల కింద ఒక గది ఖాళీగా ఉందని, అది మా కేంద్రం కేటాయించాల్సిన గది అని ఎవరో చెబితే, భర్త కోటయ్యని వెంటబెట్టుకుని మా ఆఫీసుకొచ్చింది. కోటయ్య మాట్లాడడు. ఆ ఇంట్లో ఆ పని కూడా అంకమ్మే చూసుకుంటుంది.

డైరెక్టరుగారు ఆమెని కూర్చోబెట్టి, ఎంతో మర్యాదగా, మీ విజన్ ఏమిటమ్మా అని అడిగారు. పొద్దున పెసరట్టు, సాయంత్రం మిరపకాయ బజ్జీ, పునుగులు అని చెప్పింది. అది మెనూ, నేనడిగింది విజన్ అన్నారాయన. వచ్చినోళ్ళు తినాలి, తిన్నోళ్ళు మళ్ళీ రావాలి, ఇంకేం ఉంటదండీ అందామె. డైరెక్టరుగారు నావైపు జాలిగా చూశారు. నేనూ ఆయన వైపు జాలిగా చూశాను. మా ఆఫీసులో అది పద్ధతి.

"పోనీ, ఎప్పుడైనా వ్యాపారంలో నష్టపోయారా?" అన్నారాయన.

"నేనెందుకు పోతానండీ. ఏటా కోటప్పకొండ తిరనాళ్ళలో బజ్జీలేత్తా. పిండి మిగిలిచ్చుకుని ఇంటికి తెచ్చుకున్న ఏడు లేదు."

"ఒక్క ఏడు కూడా?"

"ఒక్క ఏడు కూడా." ఇంకేం అడుగుతావో అడుగు అన్నట్టు ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. తన నోటితో తన దరఖాస్తుకి తనే తలుపు మూసేసుకున్నానని ఆమెకి తెలియదు.

డైరెక్టరుగారు పెన్ను మూత పెట్టి, ఒక్కసారి కూడా నష్టపోని మనిషికి గది ఇవ్వడమంటే ఈత రానివాణ్ణి ఏట్లోకి తొయ్యడమేనని వివరించారు. ప్రభుత్వం అంత కఠినంగా ఉండలేదని చెప్పారు. అయితే అభ్యర్థి నిరుత్సాహపడక్కర్లేదు, వైఫల్యం లేనివారి కోసం కేంద్రం ఒక అభ్యాస స్థలం ఏర్పాటు చేసింది, అక్కడ కేంద్రం వారి బండి మీద వ్యాపారం చేసి, దసరాలోగా కనీసం పాక్షికంగానైనా నష్టపోతే, గది కేటాయింపులో ఆమె పేరు కూడా పరిశీలిస్తామని హామీ ఇచ్చారు.

అంకమ్మ బయటికొచ్చి నన్ను వరండాలో ఆపింది. "సూపర్నెంటుగారూ, ఆయనకి ఒంట్లో బానే ఉందా?" అని అడిగింది. నేను సర్క్యులర్ అంతా మళ్ళీ మొదటినుంచి ఓపిగ్గా చెప్పాను. విన్నంతసేపూ విని, కోటయ్య వైపు తిరిగి, "అంటే ముందు మునగాలంట, అప్పుడు పడవ ఎక్కనిత్తారంట" అంది. తర్వాత నాతో అంది.

"సరేనండీ, మునుగుతా. నాకా గది కావాల. ఇరవై ఏళ్ళు ఇంకొకళ్ళ పొయ్యి కాడ నిలబడ్డా. ఇంక ఒకళ్ళ కింద చెయ్యను."

అభ్యాస స్థలం పశువుల ఆస్పత్రి వెనక ఉంది. ఒక పక్క గోడ, ఇంకో పక్క మురుగుకాలవ, మధ్యలో ఒక బండి పట్టేంత చోటు. మనుషులు అటు రావాలంటే దారి తప్పాలి. ఎక్కడ పెడితే వ్యాపారం నడవదో ఊరంతా తిరిగి నేనే ఎంపిక చేశాను, ఆ విషయంలో నాకు డైరెక్టరుగారి ప్రశంస కూడా దక్కింది.

మొదటి రోజు అంకమ్మ నిజంగానే నష్టపోదామని కూర్చుంది. గేదెకి సూది వేయించడానికి వచ్చిన ఒక రైతు మాత్రం వాసన పట్టుకుని వెనక్కి వచ్చాడు. రెండు పెసరట్లు తిన్నాడు. వాళ్ళ ఊరెళ్ళి చెప్పాడు. మర్నాడు ఆ ఊరి నుంచి ఆరోగ్యంగా ఉన్న గేదెలు కూడా ఆస్పత్రికొచ్చాయి. వారం తిరక్కుండా బస్సు డ్రైవర్లు బస్సుల్ని చుట్టూ తిప్పి ఆస్పత్రి గేటు ముందు ఆపడం మొదలుపెట్టారు. పొద్దున్నే అంతమంది గేటు ముందు గుమిగూడటం చూసి పశువుల డాక్టరుగారు ఏదో పెద్ద గాలికుంటు తగిలిందనుకుని, జిల్లాకి ఫోను చేసి టీకాలు తెప్పించారు. తెప్పించినవి వెనక్కి పంపడానికి వీల్లేదు కాబట్టి ఆ గేదెలన్నిటికీ వేసేశారు.

ఇది విని డైరెక్టరుగారు కలవరపడ్డారు. అభ్యర్థికి మార్గదర్శకత్వం కొరవడిందని గ్రహించి, గోవర్ధనం గారిని శిక్షకుడిగా నియమించారు.

గోవర్ధనం గారు మనస్ఫూర్తిగా నేర్పారు. తన అనుభవంలో ఏదీ దాచుకోలేదు. ముందు ఒక తిరిగే కుర్చీ కొనమన్నారు. అది కొన్న రోజునుంచే తన ప్రతి వ్యాపారమూ తిరగబడిందని నిజాయితీగా ఒప్పుకున్నారు. షాపు కంటే బోర్డు పెద్దదిగా ఉండాలన్నారు. చుట్టాలకి ఊరికే పెట్టమన్నారు. అంకమ్మ శ్రద్ధగా అన్నీ చేసింది. తిరిగే కుర్చీలో ముసలివాళ్ళు కూర్చుని ఇంకో ప్లేటు తినేవారు. బోర్డు నీడకి కాలవ అవతల కూడా జనం నిలబడ్డారు. ఊరికే తిన్న చుట్టాలు సిగ్గుపడి, మర్నాడు డబ్బులిచ్చే స్నేహితుల్ని తీసుకొచ్చారు.

అప్పుడాయన అసలైన కిటుకు చెప్పారు. ఎవడూ తినలేనంత కారం వేసెయ్యమన్నారు. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. గోవర్ధనం గారు పుట్టింది మా ఊళ్ళోనే అయినా చదువుకున్నది బెంగుళూరులో. పల్నాట్లో ఒక మనిషి ఇంకో మనిషి ఎదురుగా కారంగా ఉందని ఒప్పుకోవడం ఎన్నడూ జరగలేదు, జరగదు. అంకమ్మ బజ్జీలోపల మిరపగింజలతో పాటు కొరివికారం కూడా కూరింది. మొదటి ముక్క కొరికిన కుర్రాడి కళ్ళు ఎర్రబడ్డాయి, చెవులు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది. పక్కవాడు చూస్తున్నాడు కనుక, "ఇదేం కారం, మా అమ్మమ్మ చంటిపిల్లలకి పెడతది" అన్నాడు. పక్కవాడు ఆ మాటకి రెండు తిన్నాడు. సాయంత్రానికి పక్క ఊరి కుర్రాళ్ళు తమ ఊరి పరువు నిలబెట్టడానికి ట్రాక్టరు మీద వచ్చారు. వాళ్ళ మీద పైచేయి కోసం మా ఊరివాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆ పోటీ ఇంకా తేలలేదు.

కారం పనిచెయ్యలేదని ఉప్పు మానేయమన్నారు. ఉప్పు మానేసిన రెండోరోజుకి, పొద్దున్నే చెవులకి మఫ్లర్లు కట్టుకుని నడిచే రక్తపోటు పెద్దలు ఆ దారి కనిపెట్టారు. ఈ వయసులో తమ గురించి ఆలోచించే మనిషి ఊళ్ళో ఒకరున్నారని వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆమెకి శాలువా కప్పారు.

చివరికి వచ్చినవాళ్ళని తిట్టమన్నారు. ఈ విద్య అంకమ్మకి ఒకరు నేర్పక్కర్లేదు. "ఏంది తోసుకొత్తన్నావ్, మీ ఇంట్లో పొయ్యి లేదా" అని ఒకణ్ణి, "ప్లేటు అట్టా పట్టుకుంటారా, బడికి పోలేదా" అని మా తహసీల్దారునీ కడిగి పారేసింది. మావాళ్ళకి ఒక నమ్మకం ఉంది. గిరాకీని అంత తిడుతున్నారంటే సరుకు అంత బాగుంటుందని. తిట్టు పడనివాళ్ళు తమకేదో తక్కువైందని మళ్ళీ వరసలో నిలబడేవారు.

నెలాఖరున పర్యవేక్షక కమిటీ తనిఖీకి వెళ్ళింది. కమిటీ అంటే డైరెక్టరుగారూ, నేనూ. సరుకు నాణ్యత పరిశీలించకుండా నివేదిక రాయకూడదు గనక నేను బజ్జీలు తిన్నాను. సందేహ నివృత్తి కోసం మళ్ళీ తిన్నాను. డైరెక్టరుగారు ఒక పునుగు నోట్లో వేసుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, "పరిస్థితి చాలా ఆందోళనకరంగా ఉంది" అన్నారు. ఆఫీసుకొచ్చి, అభ్యర్థి వైఫల్యం పట్ల తగిన నిబద్ధత కనబరచడం లేదని, ఇదే ధోరణి కొనసాగితే ఆమె పేరు గది కేటాయింపు నుంచి తొలగించాల్సి వస్తుందని మెమో ఇప్పించారు.

మెమో అందుకున్న రోజే అంకమ్మ ఆఫీసుకొచ్చింది. ఆ రోజు కూర్చోలేదు. దసరా దగ్గరపడుతోంది, గది పోతుందేమోనన్న భయం ఆమె మొహంలో నాకే కనిపించింది. నేనేం చెయ్యాలో మీరే చెప్పండి అని డైరెక్టరుగారిని అడిగింది. ఆయన చిన్నబుచ్చకుండానే చెప్పారు. పులిసి పాడైన పిండి వాడమన్నారు. ఒక్కరోజు చాలు, నలుగురికి కడుపునొప్పి వస్తే పాక్షిక వైఫల్యం కింద వెంటనే నమోదు చేయిస్తానన్నారు.

అంకమ్మ చేతిలో మెమో మడతపెట్టి బల్ల మీద పెట్టింది.

"అది కూడా చేసి చూశానయ్యా," అంది. "గోవర్ధనం బాబు మొన్ననే చెప్పాడు. పాడైన పిండి ముందర పెట్టుకున్నా. నూనె కాగింది. ఒక ముసలాయన ఎనుముని తోలుకుని పొద్దుటేల ఎప్పుడో బయల్దేరి నడుచుకుంటా వచ్చాడు. ఏదన్నా పెట్టు తల్లీ, ఆకలిగా ఉంది అన్నాడు. నా చెయ్యి లేవలా. ఎంత బలవంతాన ఎత్తినా లేవలా. ఆ పిండి కాలవలో పారబోసి మళ్ళీ కలుపుకొచ్చి ఆయనకి పెట్టా. ఇది నాకు చేతగాదు. ఇంకేదన్నా చెప్పండి, చేత్తా."

దాచుకోవడం ఎందుకు, ఆ నిమిషాన నాకు మా సర్క్యులర్ మీదా, చప్పట్లు కొట్టిన నా చేతుల మీదా అసహ్యం వేసింది. డైరెక్టరుగారు మాత్రం చలించలేదు. "మీ ఇబ్బంది మేము సానుభూతితో అర్థం చేసుకోగలం. కాని వ్యక్తుల చేతకానితనానికి నిబంధనలు బాధ్యత వహించవు," అన్నారు.

దసరాకి మెట్ల కింద గది గోవర్ధనం గారికి కేటాయించారు. అర్హతల్లో ఆయన దరిదాపులకి వచ్చినవాళ్ళు లేరు. ప్రారంభోత్సవానికి బస్టాండంతా తోరణాలు కట్టారు. లోపల గాజు బల్లలు, బయట ఇద్దరు సెక్యూరిటీ గార్డులు. జనం ఎగబడతారని గార్డులు. ఏం అమ్ముతారని నేనడిగితే, ముందు బ్రాండ్ నిలబడాలి, సరుకుదేముంది అన్నారాయన. గార్డులు రోజంతా ఒకరికొకరు కాపలా కాసుకునేవారు.

ఆ వార్త అంకమ్మ చెవినా పడింది. ఆ రోజు మాత్రం ఎవరినీ తిట్టలేదని, అది చూసి పాత గిరాకీ భయపడిపోయారని కోటయ్య చెప్పాడు. కోటయ్య నోట నేను విన్న మొదటి మాట అదే.

ఇంతలో కమిషనర్ గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. డైరెక్టరుగారికి చెమటలు పట్టాయి. వైఫల్య అభ్యాస స్థలం చూస్తానని ఆయన అడిగితే, అక్కడ పట్టపగలు, బహిరంగంగా, అంతమంది కళ్ళెదుట వ్యాపారం సాగుతోంది. కేంద్రం పరువేం కాను. వెంటనే అంకమ్మకి ఉత్తర్వు వెళ్ళింది. అభ్యాస స్థలం విఫలం కాదలచినవారికి మాత్రమే ఉద్దేశించబడినది, కావున ఆమె తక్షణం ఖాళీ చేసి, కేంద్రం వారి బండిని కేంద్రానికి అప్పగించాలి.

ఉత్తర్వు పట్టుకుని అటెండరు వెళ్ళేసరికి బాండీలో వాయ వేగుతోంది, వరస కాలవ దాటి రోడ్డు మీదికి ఉంది. అంకమ్మ ఉత్తర్వు చదివించుకుని, "తక్షణం అంటే ఇప్పుడేనా" అని అడిగింది. ఇప్పుడే అన్నాడు మా అటెండరు. సరేనని ఆమె పొయ్యి ఆర్పకుండానే బండి పట్టుకుంది. కోటయ్య వెనకనుంచి తోశాడు. వరసలో ఉన్నవాళ్ళు ముందే డబ్బులిచ్చేశారు, వాళ్ళు ఎక్కడికి పోతారు. బండి వెనకాలే నడిచారు. పక్క ఊరి ట్రాక్టరు వాళ్ళు నడిచారు, మఫ్లర్ల పెద్దలు నడిచారు, డ్రైవర్లు బస్సులు వదిలేసి నడిచారు. డ్రైవర్లు ఏరని ప్రయాణికులు నడిచారు. అసలు విషయం తెలియనివాళ్ళు ఏదో ఊరేగింపనుకుని దణ్ణం పెట్టి కలిశారు. అలా ఊరంతా మా ఆఫీసు గేట్లో ప్రవేశించింది.

అంకమ్మ బండిని పోర్టికోలో ఆపి, "ఇదిగో సూపర్నెంటుగారూ, మీ బండి. ఈ వాయ అయిపోంగానే దించుకోండి" అంది. డైరెక్టరుగారు మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చారు. అక్రమ ప్రవేశం అనే మాట ఆయన నోట్లో సగంలో ఉండగా కమిషనర్ గారి జీపు లోపలికి రాలేక గేటు బయటే ఆగిపోయింది.

కమిషనర్ గారు దిగి, జనాన్ని తోసుకుంటూ నడిచి వచ్చారు. మొహంలో ఏమీ తెలియలేదు. మెట్లెక్కి, వెనక్కి తిరిగి ఆ జనాన్ని చూసి, చాలాసేపటికి డైరెక్టరుగారి భుజం మీద చెయ్యి వేశారు.

"సర్వోత్తమరావుగారూ, నా సర్వీసులో అన్ని కేంద్రాలూ చూశాను. గేటు దగ్గర కుక్క తప్ప ఇంకో ప్రాణి కనబడలేదు. స్వయం ఉపాధి కోసం ఇంత ప్రజాస్పందన నేనెక్కడా చూడలేదు. ఏం చేశారండీ మీరు?"

మా డైరెక్టరుగారి ప్రజ్ఞ అక్కడే ఉంది. క్షణం కూడా తడబడలేదు. "క్షేత్రస్థాయి అవగాహన సార్. ఎప్పటికప్పుడు ప్రజలతో మమేకమవుతూ పోతున్నాం," అన్నారు. అంతలో అంకమ్మ ఒక ప్లేటు కమిషనర్ గారి చేతిలో పెట్టి, నిలబడి చూత్తారేంది, చల్లారిపోద్ది అని కసిరింది. కసిరించుకుని చాలా ఏళ్ళయిందేమో, ఆయన బుద్ధిగా తినేశారు. ఈ స్పందన ఇలాగే కొనసాగాలని, వచ్చే తనిఖీలో కూడా ఇంత జనాన్ని చూడాలనుకుంటున్నానని చెప్పి వెళ్ళిపోయారు.

ఇక అంకమ్మని కదపడం మా వల్ల కాదు. ఆమె కదిలితే జనం కదులుతారు, జనం కదిలితే డైరెక్టరుగారి ప్రమోషను కదులుతుంది. అలాగని గది ఇద్దామంటే ధ్రువపత్రం లేదు. డైరెక్టరుగారు రెండ్రోజులు ఆలోచించి దారి కనిపెట్టారు. మా ఆఫీసు ముందుభాగంలో అభ్యర్థులు వేచి ఉండటానికి కట్టిన పెద్ద హాలొకటి ఉంది, పెళ్ళివారు దిగింది అందులోనే. వాళ్ళ తర్వాత అందులో ఎవరూ వేచి ఉండలేదు. ఆ హాలుని వైఫల్య అభ్యాస మందిరంగా మార్చి, అంకమ్మని అందులో శాశ్వత శిక్షణార్థిగా చేర్చుకున్నారు. శిక్షణార్థి కనుక అద్దె లేదు. ఫ్యాన్లున్నాయి, నీళ్ళ కుళాయి ఉంది, వాన పడితే తడవక్కర్లేదు. మెట్ల కింద గది అందులో నాలుగోవంతు కూడా ఉండదు.

తాళంచెవి నేనే ఇచ్చాను. ఆమె అది కొంగున ముడేసుకుని, హాలు మధ్యలో నిలబడి, పొయ్యి ఎక్కడ పెట్టాలా అని నాలుగు వైపులా చూసుకుంది. "ఇది నాదేనా అండీ?" అంది. రికార్డుల ప్రకారం కాదు, అయినా నీదే అన్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని, వెంటనే కోటయ్యని నీళ్ళు పెట్టలేదని తిట్టడం మొదలుపెట్టింది. నాకు చాలా సంతోషమేసింది.

నెలనెలా ఆమె ప్రగతి నివేదిక నేనే రాస్తాను. శిక్షణార్థి ఈ నెల కూడా వైఫల్యం సాధించలేకపోయినందున శిక్షణ పొడిగించడమైనది అని రాసి డైరెక్టరుగారి సంతకానికి పెడతాను. ఆయన దిగులుగా తలాడించి సంతకం చేస్తారు, చేసి పెసరట్టు తెప్పించమంటారు.

సంక్రాంతి వెళ్ళేసరికి గోవర్ధనం గారి గది మూతపడింది. చివరికి గార్డులు కూడా మా హాల్లోనే తినడానికి వచ్చేవారు. సమగ్రాన్ని మించిన శ్రేణి ఇంకోటి పెట్టాలా అని మేము చర్చించుకుంటుండగా ఆయనే వచ్చారు. డైరెక్టరుగారి గదిలోకి రాలేదు. నేరుగా అంకమ్మ పొయ్యి దగ్గరికెళ్ళి, ఏదైనా పనుంటే ఇప్పించమని అడిగారు. మామగారు ఇక ఇవ్వనన్నారట. టిఫిను కోసం వరసలో ఉన్న నేను అక్కడే ఉన్నాను.

"నీకేం వచ్చు బాబూ?" అంది అంకమ్మ.

గోవర్ధనం గారు చొక్కా సర్దుకుని, తన అనుభవం ఆది నుంచీ చెప్పారు. సోడాల గురించీ, కోళ్ళ గురించీ, బ్రాండు గురించీ చెప్పారు. పెసరట్టు మాడకుండా తిప్పుతూనే ఆమె అంతా వింది.

"అది కాదు బాబూ నేనడిగింది. పని ఏం వచ్చు?"

నేను ఆ ఆఫీసులో జుట్టు నెరిసేదాకా పనిచేశాను. ఎంతమందిని ఇంటర్వ్యూ చేశామో లెక్కలేదు. విజన్ అడిగాం, మిషన్ అడిగాం, కులం, ఆదాయం, పుట్టుమచ్చలు అడిగాం, నష్టం అడిగాం. ఈ ప్రశ్న మా ఆవరణలో ఎవరైనా ఎవరినైనా అడగగా వినడం నాకు అదే మొదలు. ఇదేదో బాగుందే, మన ఇంటర్వ్యూలో కూడా పెడదామా అని తర్వాత డైరెక్టరుగారిని అడిగాను. మార్గదర్శకాల్లో లేదన్నారు.

"ఏం రాదమ్మా," అన్నారు గోవర్ధనం గారు చిన్నగా.

"రాకపోతే నేర్చుకోవచ్చులే. చేతులు కడుక్కునిరా. ఆ ఉల్లిపాయలు తరుగు," అని కత్తిపీట ఆయన ముందుకి తోసింది.

ఆయన టక్ తీసేసి కింద కూర్చున్నారు. అన్ని వ్యాపారాలు ముంచినా ఏనాడూ ఒక్క చుక్క కన్నీరు కార్చని మనిషి, మొదటి ఉల్లిపాయ సగం అయ్యేసరికి ధారగా ఏడ్చారు. "అట్టా పెద్ద ముక్కలు కాదయ్యా, సన్నగా," అని అంకమ్మ కసిరింది. ఆయన కళ్ళు తుడుచుకుని, రెండో ఉల్లిపాయ ఇంకాస్త సన్నగా తరిగారు.